మేక కంటి మీద వేలు

రాజోలు చుట్టుపక్కల అనుమానప్పక్షి ఎవరని అడిగితే ఎవరైనా మాంసం కొట్టు పెదబాబు పేరే చెబుతారు. సంతలో మేకను కొనేటప్పుడు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, తర్వాత తోక ఎత్తి చూస్తాడు, ఆఖరికి అమ్మేవాడి మొహం చూస్తాడు. మూడింటిలో ఏది తేడా కొట్టినా తాడు వదిలేసి వెళ్ళిపోతాడు. అమ్మేవాడు వెనక నుంచి ధర తగ్గించి పిలిచాడంటే అనుమానం ఇంకాస్త ముదురుతుంది. బస్సెక్కితే కండక్టరు ఇచ్చిన టిక్కెట్టు మీద తారీఖు చూసుకుంటాడు. హోటల్లో ఇడ్లీ తుంచి వాసన చూసి గాని నోట్లో పెట్టుకోడు. ఆయన భార్య చిన్నతల్లి ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది: "పెళ్ళిచూపుల్లో నా పళ్ళొక్కటే చూళ్ళేదండీ ఈయన. మిగతావన్నీ ఆరా తీసేసేరు."

నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ ఆదివారం పొద్దున్న అందరూ వచ్చి నిలబడేది పెదబాబు కొట్టు ముందే. అంత అనుమానం మనిషి దగ్గర కొనుక్కుంటే మనం వేరే అనుమానపడక్కర్లేదని వాళ్ళ ధీమా.

లోకంలో అన్నిటినీ అనుమానించే ఈ మనిషి ఒక్కదాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. అది తన కుడిచెయ్యి.

పద్దెనిమిదో ఏట తండ్రి మొదటిసారి కత్తి చేతికిచ్చి మేకను కోయించాడు. ఆ తర్వాత మూడు రోజులు పెదబాబుకి అన్నం సయించలేదు. నాలుగో రోజు తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: "చెయ్యి వణక్కూడదురా. కత్తి మధ్యలో ఆగకూడదు. ఆ రెండూ చూసుకున్నావంటే దానికి తెలిసేలోపే అయిపోద్ది. దానికి తెలీదు." ఆ మాట పట్టుకుని పెదబాబు ఆ పూట అన్నం తిన్నాడు. ముప్పై రెండేళ్ళుగా ఆ మాట మీదే తింటున్నాడు, ఆ మాట మీదే నిద్రపోతున్నాడు. రోజూ ప్రాణాలు తీస్తావు, నీకేమీ అనిపించదా అని ఎవరైనా అడిగితే ఒంటికాలి మీద లేచేవాడు. "దానికే తెలీనప్పుడు నాకెందుకు అనిపించాలండీ?" అనేవాడు. ఆ జవాబే గనక లేకపోతే మర్నాడు కత్తి పట్టగలిగే మనిషి కాడు. ఆ సంగతి చిన్నతల్లికి బాగా తెలుసు.

ఇంకో అలవాటు కూడా తండ్రి దగ్గర్నుంచి వచ్చిందే. కోసే ముందు మేక నెత్తి మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, చేతులు కట్టుకుని నిలబడతాడు. అది ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు లెక్క. అమ్మవారి మొక్కు మేకకి అందరూ చేసేదే ఇది. పెదబాబు కొట్లో అమ్మే మేకకి కూడా చేస్తాడు. విదిలించకపోతే ఇంకో చెంబు పోస్తాడు. అప్పటికీ కదలకపోతే దాన్ని పక్కన కట్టేసి ఇంకోదాన్ని తెస్తాడు. జనం ఎంత గోల పెట్టినా సరే.

మొన్న వేసవిలో ఊరి చివర కాలువ గట్టున ఉన్న కబేళాకి ఒక మిషను వచ్చింది. గోడకి బిగించిన ఇనప్పెట్టె, దానికో నల్లటి వైరు, వైరు చివర బారెడు పటకారు. పటకారు రెండు కొనల్నీ మేక తలకి అటొకటి ఇటొకటి, కంటికీ చెవికీ మధ్యన ఆనించి మీట నొక్కితే తలలోకి కరెంటు వెళుతుంది. మూడు సెకన్లు. మేక తెలివి తప్పి పడిపోతుంది. పావు నిమిషం దాటకుండా కోసెయ్యాలి. రామచంద్రపురం నుంచి బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరు ప్రియాంక గారు మాంసం కొట్లవాళ్ళందర్నీ పిలిచి, ఇకమీదట ఇలా కోసిన మాంసానికే ముద్ర వేస్తానని చెప్పింది.

"నొప్పి తెలీకుండా ఉండడానికండీ ఇది" అంది.

పెదబాబుకి ఎక్కడో కాలింది. నొప్పి తెలీకుండా కొత్తగా మిషను పెట్టారంటే ఇన్నాళ్ళూ తెలిసినట్టా? పాతికేళ్ళ పిల్ల వచ్చి ముప్పై రెండేళ్ళ చేతికి వంక పెడుతుందా? పైకి మాత్రం, "ఆయ్, అలాగేనండి డాక్టరమ్మ గారూ" అన్నాడు. ఇంటికి వచ్చి చిన్నతల్లి దగ్గర నిప్పులు చెరిగాడు.

"ఇందులో ఏదో ఉందే. కరెంటు పెట్టి చంపేసి, చచ్చినదాన్ని మన చేత కోయిస్తారు. రేపు రోగంతో చచ్చినవి కూడా ఇలాగే తోసేస్తారు. ఎవడికి తెలుస్తుంది?"

"ఆవిడ చదువుకున్నావిడ కదండీ. చచ్చినదాన్ని ఎందుకు కోయిస్తారు?"

"చదువుకున్నోళ్ళ మీదే నాకు అనుమానం."

ఈ అనుమానం ఆయన ఒక్కడిదే కాదు. లెక్కల మాస్టారుగా రిటైరై కొబ్బరితోట చూసుకుంటున్న సత్యదుర్గారావు గారు ఆదివారం సంచీ పట్టుకుని వచ్చి, మాంసం వైపు చూడకుండా పెదబాబు మొహంలోకి చూశాడు. "చచ్చినదాన్ని కోస్తున్నారటగా పెదబాబూ? నెత్తురు లోపలే గడ్డ కట్టేస్తుందట కదా?" అని అడిగాడు. ఎప్పుడూ కార్జం అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. అవతల గంగరాజు కొట్లో కూడా ఇదే ప్రశ్న. గంగరాజు నెమ్మదస్తుడు. ముద్ర పడితే చాలు, ఏ మిషనైతే నాకేంటి అనే రకం. పెదబాబు అలా ఊరుకోలేడు.

మర్నాడు కబేళాలో అందరి ముందూ డాక్టరమ్మని నిలదీశాడు.

"మేడం గారూ, పటకారు పెట్టి వదిలెయ్యండి. కొయ్యను. ఏమవుతుందో చూద్దాం."

ఆవిడకి కోపం రాలేదు. "మంచి పని. చూడండి" అంది.

పటకారు పెట్టారు. మేక బిర్రబిగుసుకుపోయింది, ముందుకాళ్ళు చాపేసి పక్కకి ఒరిగిపోయింది. కాసేపు కాళ్ళు తన్నుకుంది. చచ్చింది, చచ్చింది అని వెనక ఎవరో గొణిగారు. పెదబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మీసం కింద నవ్వు దాచుకుంటూ. నిమిషం అయిందో లేదో మేక తల ఎత్తింది. ముందుకాళ్ళ మీద లేచింది, తూలింది, నిలబడింది. ఎవరి సంచీలోంచో వేలాడుతున్న తోటకూర కాడ అందుకుని నమలడం మొదలుపెట్టింది. అక్కడున్న వాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. గంగరాజైతే చప్పట్లు కొట్టాడు.

పెదబాబు తగ్గలేదు. సరే, చావలేదు. కానీ తెలివి తప్పిందని గ్యారంటీ ఏమిటి? ఒళ్ళు బిగుసుకుపోయి నోరు పడిపోయి ఉండొచ్చు. లోపల అంతా తెలుస్తూ ఉండొచ్చు. అరవలేకపోతోంది అంతే. దాని నోరు నొక్కేసి, నొప్పి లేదని వీళ్ళు చెబుతున్నారు. ఇది ఇంకా ఘోరం కాదా? ఈ ఆలోచన వచ్చాక ఆయనకి ఆ పటకారు పట్టుకోవాలంటేనే ఒళ్ళు జలదరించింది.

అదే మాట డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ ఈసారి కాస్త ఆలోచించి, ఇంకో మేకకి పటకారు పెట్టించి, ఆయన చెయ్యి పట్టుకుని పడి ఉన్న మేక తల దగ్గర కూర్చోబెట్టింది.

"మీ వేలు శుభ్రంగా తుడుచుకుని దాని నల్లగుడ్డు మీద మెత్తగా ఆనించండి. తెలివి ఉంటే రెప్ప కొడుతుంది. అబద్ధమాడ్డం దాని చేతిలో లేదండీ."

పెదబాబు వేలు ఆనించాడు. రెప్ప కదల్లేదు. మళ్ళీ ఆనించాడు. కదల్లేదు. కన్ను అద్దంలా అలాగే ఉంది.

ఆ రోజు నుంచీ ప్రతి మేకకీ అదే పని. కోసే ముందు ఒకసారి, కోశాక ఒకసారి వేలు పెట్టి చూసేవాడు. తప్పు దొరకాలనే చూసేవాడు. పదకొండు రోజులు దొరకలేదు. పన్నెండో రోజు దొరికింది. పటకారు పెట్టారు, మేక పడింది, బిగుసుకుంది, అంతా మామూలుగానే జరిగింది. పెదబాబు వేలు ఆనించగానే రెప్ప టప్పున కొట్టుకుంది.

"ఆపండెహె!" అని అరిచాడు. కత్తి కింద పెట్టేశాడు. "నేను చెప్పలేదా? దానికి తెలుస్తోంది! చూడండి, చూడండి!" అని గంగరాజుని లాక్కొచ్చి చూపించాడు, కబేళా ఊడ్చే ఆమెని పిలిచి చూపించాడు, ఫోను చేసి డాక్టరమ్మని రప్పించాడు. ఆవిడ వచ్చేలోపు మేక లేచి మూల నిలబడింది. పెదబాబు మొహం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళ అనుమానానికీ సాక్ష్యం దొరికిన మనిషి సంతోషం అది.

డాక్టరమ్మ పెట్టె చూసింది, వైరు చూసింది, పటకారు కొనలు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు మేక తల మీద చెయ్యి వేసి చూసింది. బొట్లు బొట్లుగా కారుతోంది.

"దీన్నెవరు తడిపేరండీ?"

"నేనేనండి. నీళ్ళు పొయ్యకుండా ఎలాగండీ? అది విదిలించాలి కదా."

"రోజూ నెత్తి మీదే పోస్తున్నారా?"

"ఆయ్. రోజూ ఒక్క చెంబేనండి. ఇది మొండిది, విదిలించలేదు. రెండో చెంబు పొయ్యాల్సొచ్చింది."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "పెదబాబు గారూ, కొనలు ఆనేచోట కాస్త తడి ఉండాలి, నిజమే. కానీ ఈ కొన నుంచి ఆ కొన దాకా నుదుటి మీద నీళ్ళు కారుతుంటే కరెంటు ఆ తడి దారినే పైపైన పోతుందండీ. తలలోకి దిగదు. దాని ఒళ్ళు బిగుసుకుంది గానీ తెలివి తప్పలేదు. మిషను తప్పు కాదిది."

ఎవరి తప్పో ఆవిడ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలిసింది. పెదబాబు మొహం కత్తి వేటుకి నెత్తురు చుక్క లేనట్టయింది. మేక నొప్పి పడకూడదని ఇంత యాగీ చేసిన మనిషే దాన్ని నొప్పికి అప్పజెప్పబోయాడు. వేలు పెట్టి చూడకపోయి ఉంటే కోసేసేవాడే.

"నీళ్ళు వెన్ను మీద పోసుకోండి. విదిలించాక నుదురు తువ్వాలుతో తుడిచి, రెండు వైపులా ఉప్పునీళ్ళు అద్ది పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పెదబాబు కొత్త తువ్వాలు ఒకటి కొని తెచ్చుకున్నాడు. మర్నాటి నుంచీ చెప్పినట్టే చేశాడు. వెన్ను మీద నీళ్ళు, విదిలింపు, తువ్వాలు, ఉప్పునీళ్ళు, పటకారు, వేలు. రెప్ప మళ్ళీ కొట్టుకోలేదు. నాలుగైదు నెలలు గడిచాయి. వేలు పెట్టడం ఆయనకి అలవాటైపోయింది. ఇప్పుడు తప్పు వెతకడానికి కాదు, ఊరికే. మాస్టారు గారు మళ్ళీ కార్జం అడగడం మొదలుపెట్టాడు. మిషను గురించి ఎవరైనా వంక పెడితే పెదబాబే గట్టిగా జవాబు చెప్పేవాడు. చిన్నతల్లి ఆశ్చర్యపోయింది. ఈ మనిషి ఒకదాన్ని నమ్మడం ఆవిడ కాపురానికొచ్చాక ఇదే చూడ్డం.

దసరా వెళ్ళిన ఆదివారం. తొమ్మిది రోజులు మాంసం ముట్టని ఊరు ఊరంతా కొట్టు తెరిచేదాకా ఆగలేక సంచులు పట్టుకుని తెల్లారేసరికి కబేళా ముందు చేరింది. శనివారం వీచిన గాలివానకి కొబ్బరిచెట్లు లైన్ల మీద పడ్డాయి, కరెంటు లేదు. ఎప్పటికొస్తుందో తెలీదు. పెదబాబు డాక్టరమ్మకి ఫోను చేశాడు. "మరేం చేస్తామండీ, ఈ పూటకి పాత పద్ధతిలోనే కానివ్వండి. నేనొచ్చి మాంసం చూసి ముద్ర వేస్తాను" అంది.

పెదబాబుకి లోలోపల హుషారే వచ్చింది. మిషను మంచిదే, కాదనడం లేదు. కానీ ఈ చేతి పనితనం జనం చూసి చాలా రోజులైంది. కత్తి నూరాడు, గోటి మీద పదును చూసుకున్నాడు. మేక వెన్ను మీద నీళ్ళు పోశాడు. అది ఒక్క విదిలింపు విదిలించింది. చెయ్యి వణకలేదు, కత్తి ఆగలేదు. తండ్రి చూసి ఉంటే భుజం తట్టేవాడు. అంత శుభ్రంగా తెగింది.

అలవాటున వేలు కంటి మీదికి వెళ్ళింది.

రెప్ప కొట్టుకుంది.

నీళ్ళ చుక్క పడిందేమో అనుకున్నాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ కొట్టుకుంది. మిషను పెట్టిన మేక కన్ను ఎటూ చూడదు. ఇది చూస్తోంది. ఎదురుగా వంగి ఉన్నది తనే. పెదబాబు వేలు ఆనిస్తూనే సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మిషనులో తప్పు వెతికినట్టే. నాలుగు. ఐదు. ఆరు. ఆరుకి కూడా కొట్టుకుంది. ఎనిమిదికి కొట్టుకుంది, నెమ్మదిగా. పదకొండుకి కన్ను నిలిచిపోయింది.

"బాబాయ్ గారూ, తొందరగా కానివ్వండీ" అని బయట నుంచి ఎవరో కేకేశారు.

రెండో మేకని తెచ్చి కట్టారు. పెదబాబు కత్తి అందుకోలేదు. చేతులు కడుక్కుని పక్కకి వెళ్ళి ఫోను తీశాడు. వేళ్ళు తడిగా ఉండి నంబరు రెండుసార్లు తప్పింది.

"డాక్టరమ్మ గారూ, కత్తితో కోసేనండి. తేడా లేకుండా కోసేను. అయినా రెప్ప కొట్టుకుందండీ. పది దాకా కొట్టుకుంది. అంటే దానికి తెలిసినట్టేనా అండీ?"

ఆవిడ, "తెలిసిందని కచ్చితంగా చెప్పలేనండీ. తెలివి పోయాక కూడా కాసేపు రెప్ప ఆడొచ్చు" అంది.

"అయితే తెలీలేదనుకోవచ్చాండీ?"

"అలా కూడా చెప్పలేనండీ పెదబాబు గారూ. ఎవరూ చెప్పలేరు."

ఆయన సరేనండి అని ఫోను పెట్టేశాడు. బయటికి వచ్చి, కరెంటు వచ్చాకే కోస్తాను, ఆగేవాళ్ళు ఆగండి అని చెప్పాడు. జనం గొల్లుమన్నారు. మాస్టారు గారు ముందుకొచ్చి గొంతు తగ్గించి, "మేకకి ఏదైనా రోగముందా పెదబాబూ? నిజం చెప్పు" అన్నాడు.

"మేకకేం లేదండి. చాలా మంచి మేక."

"మరి?"

పెదబాబు తడి చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. మాస్టారు గారు ఆయన వైపు ఒకలా చూసి, సంచీ చంకలో పెట్టుకుని గంగరాజు వైపు నడిచాడు. గంగరాజు అప్పటికే రెండోదాన్ని కోస్తున్నాడు. మాస్టారు వెనకే ఒకరొకరుగా అందరూ అటే వెళ్ళారు. పెదబాబు ఎవర్నీ ఆపలేదు. కోసిన ఆ ఒక్క మేకనీ గంగరాజుకే అప్పజెప్పి ఇంటికి వచ్చేశాడు.

చిన్నతల్లి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆదివారం ఎనిమిదింటికి మొగుడు ఇంటికి రావడం ఆవిడ ఎరగదు. ఒంట్లో బాగోలేదేమోనని చెయ్యి పట్టుకుని చూసింది. ఆయన గట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. పదకొండు దాకా లెక్కపెట్టిన సంగతి చెప్పేటప్పుడు వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టి చూపించాడు.

"మావయ్య గారు చెప్పేరు కదండీ తెలీదని" అంది చిన్నతల్లి, ఇంకేం అనాలో తోచక.

"నాన్న వేలు పెట్టి చూసేడా?"

ఆవిడ బకెట్లోంచి ఇంకో బట్ట తీసి పిండింది.

"నేను చూసేనా? బస్సులో కండక్టరుని అనుమానించేను. హోటల్లో ఇడ్లీ పెట్టినవాణ్ణి అనుమానించేను. ఆ పిల్ల డాక్టరు మంచికి చెబితే ఆవిణ్ణి దొంగలా చూసేను. ముప్పై రెండేళ్ళు ఒక్కసారంటే ఒక్కసారి వంగి ఆ కంట్లోకి చూళ్ళేదే. చూడాలనే అనిపించలేదు. నా అన్నం కోసం చూళ్ళేదు నేను."

"ఆవిడ తెలిసిందని అనలేదు కదండీ. తెలియకపోయి కూడా ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు" అన్నాడు పెదబాబు. "మిషనుని అనుమానిస్తే పెట్టి చూసేను. మేకని అనుమానిస్తే పళ్ళు చూసేను. ఇప్పుడు ఈ చేతిని అనుమానిస్తే ఎలా చూడమంటావే? రోజుకి రెండు, ఆదివారం ఆరు. అవన్నీ ఎప్పుడో పోయాయి. ఎక్కడికెళ్ళి ఎవర్ని అడగను?"

పక్కింట్లో ఫ్యాను తిరిగిన చప్పుడైంది. కరెంటు వచ్చింది. కబేళాలో ఇంకా ఐదు మేకలు కట్టి ఉన్నాయి. చిన్నతల్లి వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తడిబట్ట చేత్తో పట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది.